మునిగిన ఊళ్లో వినిపించిన పిలుపు

దయ్యాలు ఉన్నాయా లేవా అని ఎవరైనా వాదించుకుంటుంటే నేను లేచి వంటింట్లోకి వెళ్లిపోయే రకం. పెళ్లికి ముందు మలేషియాలో ఒక ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేసేదాన్ని. శవాల గది మా ల్యాబు పక్కనే. ఆ వరండాలో ఎన్నోసార్లు ఒంటరిగా నడిచాను. తోటివాళ్లు ఏవేవో చెప్పేవారు కానీ నాకెప్పుడూ ఏమీ కనబడలేదు, వినబడలేదు.

నిజం చెప్పాలంటే ఇప్పటికీ నా కళ్లకు ఏమీ కనబడలేదు. ఆ మాట ముందే చెప్పడం మంచిది. ఇక్కడ రాస్తున్నది నా స్నేహితురాలికి కనబడింది, మా అత్తకు అర్థమైంది. నేను మధ్యలో నిలబడి ఒకరి మాటలు ఇంకొకరికి తెలియజెప్పాను, అంతే.

మాది తెలుగు కుటుంబమే. మా ముత్తాత విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి మలయా కొబ్బరి తోటల్లో పనికి వెళ్లాడు. మేం అక్కడే పుట్టి, అక్కడే పెరిగాం. ఇంట్లో తెలుగే మాట్లాడుకునేవాళ్లం. ఆదివారం బడిలో రాయడం నేర్చుకున్నాను. మా ఆయన ప్రసాద్ ఉద్యోగానికని కౌలాలంపూర్ వచ్చినప్పుడు పరిచయమయ్యాడు. పెళ్లయిన కొన్నాళ్లకు మా మామగారు పోయారు. ఆత్మకూరు బజారులో వాళ్లకు పప్పులు, నూనెల దుకాణం ఉంది. అది చూసుకునే మనిషి లేక మేం ఇక్కడికి వచ్చేశాం.

అందరూ నాతో "సొంత దేశానికి వచ్చినావు" అనేవారు. నేను మాత్రం వీసా ముద్ర వేయించుకుని వచ్చాను. నాకిది కొత్త దేశమే. నా తెలుగుకు ఇక్కడివాళ్లు నవ్వేవారు, వాళ్ల తెలుగు నాకు సగమే అందేది. మా అత్త "చెంబు యాడ పెడితివి?" అని అడిగితే, ఆ "యాడ" అంటే ఏమిటో తెలియక మా ఆయన ముఖం చూసేదాన్ని.

మా అత్త పేరు నారాయణమ్మ. తక్కువ మాట్లాడే మనిషి. నన్ను పల్లెత్తు మాట అనలేదు, దగ్గరికీ తీసుకోలేదు. కోడలు ఎక్కడి నుంచో వచ్చింది, ఎప్పుడో వెళ్లిపోతుంది అన్నట్టు చూసేది. ఒకసారి నేనే మాట కలుపుదామని, "మీ పుట్టిల్లు ఏ ఊరు అత్తా?" అని అడిగాను.

"నీళ్లల్లో ఉండాది," అంది. మళ్లీ చేటలోని కందిపప్పు ఏరుకోసాగింది.

అది ఏదో సామెత అనుకున్నాను. తర్వాత మా ఆయన చెప్పాడు. శ్రీశైలం డ్యాము కట్టినప్పుడు కృష్ణ ఒడ్డున మునిగిపోయిన ఊళ్లలో ఆమెది ఒకటి. అప్పటికి ఆమె చిన్నపిల్ల. ఎండాకాలంలో నీళ్లు వెనక్కి పోతే ఆ ఊరి నేల బయటపడుతుందట. ఆమె మాత్రం తిరిగి ఒక్కసారీ అటు వెళ్లలేదు.

ఆ ఎండాకాలంలోనే మలేషియా నుంచి నా స్నేహితురాళ్లు ఇద్దరు వచ్చారు. నోరా నర్సు. నాతో పాటు ఆ ఆసుపత్రిలోనే పనిచేసేది. రెండో ఆమె షు మిన్, చీనా అమ్మాయి. చిన్నపిల్లల బడిలో పాటలు నేర్పుతుంది. ఇద్దరికీ తెలుగులో ఒక్క ముక్క రాదు. మేం ముగ్గురం మలయ్, ఇంగ్లీషు కలిపి మాట్లాడుకునేవాళ్లం.

వాళ్లకు ఊళ్లు చూపించే పని నాది. నాకే తెలియని దేశాన్ని ఇంకొకరికి చూపించడం ఎంత తంటానో అప్పుడు తెలిసింది. ప్రతిదానికీ వాళ్లు నన్ను అడిగేవారు. నేను మా ఆయనను అడిగి చెప్పేదాన్ని. దారి పొడవునా ముళ్లతో ఉన్న ఆ చెట్టేమిటి అని షు మిన్ అడిగితే, మా ఆయన "సర్కారు తుమ్మ" అన్నాడు. తర్వాత ఏ చెట్టు చూసినా వాళ్లిద్దరూ "సర్కారు తుమ్మ" అని నవ్వుకునేవారు. వాళ్లు నేర్చుకున్న మొదటి తెలుగు మాట అదే.

యాగంటి చూశాం. కోయిలకుంట్లలో మా ఆడపడుచు ఇంట్లో జొన్నరొట్టె, పచ్చిమిరపకాయల పప్పు తిని బెలుం గుహలకు వెళ్లాం. మరుసటి రోజు కడప జిల్లాలోకి దాటి గండికోట. పెన్నా లోయ అంచున ముగ్గురం నిలబడ్డాం. మా దేశంలో ఎటు చూసినా పచ్చదనం. ఇక్కడ ఎర్రరాయి, ఎండ, కింద ఎక్కడో సన్నగా నీళ్లు. "ఇక్కడ ఉండగలవా నువ్వు?" అని నోరా మెల్లగా అడిగింది. నేను ఫొటో తీస్తున్నట్టు నటించాను. అప్పటికే, వాళ్లతో పాటు విమానమెక్కి ఒక నెల మా అమ్మ దగ్గర ఉండి వద్దామని మనసులో ఉండింది. నెల తర్వాత తిరిగొస్తానో లేదో నాకే తెలియదు.

వాళ్లు వెళ్లబోయే ముందు, నీళ్లలోంచి బయటపడిన సంగమేశ్వరం గుడి చూద్దామన్నాడు మా ఆయన. అది మాకు దగ్గరే. ఉదయం ఉగ్గాని, బజ్జీ తిని కారు తీసేసరికి, మా అత్త ఉతికిన చీర కట్టుకుని వచ్చి ముందు సీట్లో కూర్చుంది.

మా ఆయన ఆశ్చర్యపోయాడు. "యాడికి మా?"

"మీరు పోయేతావుకే."

"శానా ఎండగుండాది. తట్టుకోలేవు."

"బండి పోనీరా," అంది. ఆమె ఆ రోజే ఎందుకు రావాలనుకుందో తర్వాత కూడా నేను అడగలేకపోయాను.

గుడి దగ్గర జనం బాగానే ఉన్నారు. నెలల తరబడి నీళ్లలో ఉండి వచ్చిన రాళ్లకు పసుపు, కుంకుమ పెట్టి పూజ చేస్తున్నారు. దర్శనం అయ్యాక మా ఆయన తల్లిని అడిగాడు. "మీ ఊరు ఈడికి దగ్గరే కదా. చూసి పోదామా?" ఆమె పోయి కారులో కూర్చుంది. కారును ఒడ్డు వెంబడి బండ్ల దారిలో పోనిచ్చాడు.

అక్కడ ఊరంటూ ఏమీ లేదు. కనుచూపు మేర ఎండి నెర్రెలు వారిన ఒండ్రు మట్టి. అక్కడక్కడ మొండి గోడల అడుగులు, నరికిన చింతచెట్ల మొద్దులు. దూరంగా నీటి అంచున చేపలు పట్టేవాళ్ల ప్లాస్టిక్ గుడిసెలు ఒకటో రెండో. నీడ అనేది ఎక్కడా లేదు. మలేషియాలో ఎండంటే చెమట కారుతుంది. ఇక్కడ పట్టిన చెమట కూడా అక్కడికక్కడే ఎండిపోతుంది.

కారు దిగగానే మా ఆయన అడిగాడు. "మీ ఇల్లు యాడుండె మా?"

మా అత్త చాలాసేపు చూసి, చింత మొద్దుల వైపు చెయ్యి చూపించింది. "అల్లాడ ఉండాలబ్బీ," అని అటు నడిచింది. కొంత దూరం పోయి, నడి ఎండలో ఆగిపోయింది. కొడుకు గొడుగు పడితే వద్దని తోసేసింది. మా ఆయన, నేను ఆమెకు కొంచెం వెనకగా నిలబడ్డాం. ఆ మట్టిలో ఆమె ఏదో వెతుక్కుంటోందని, అది దొరకడం లేదని ఆమె నిలబడ్డ తీరులోనే తెలిసిపోతోంది.

నోరా కారు తలుపు తెరుచుకుని నీడలో కూర్చుంది. షు మిన్ ఫొటోల కోసం నీటి వైపుగా, మాకు పూర్తిగా అవతలి దిక్కుకు వెళ్లింది.

కాసేపటికి ఆమె వేగంగా నడిచి వచ్చింది. భయపడినట్టు ఏమీ లేదు. ఎవరో చెప్పిన కబురు అందించడానికి వచ్చిన మనిషిలా ఉంది.

"అక్కడ ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. మీలో ఎవరినో పిలుస్తోంది," అంది.

చేపలవాళ్ల మనిషి ఎవరో అయి ఉంటుందనుకున్నాను. ఏమని పిలుస్తోందని అడిగాను.

"నాకేం తెలుసు? నా వైపు చూడటం లేదు, మీ వైపు చూస్తోంది. పిల్లల్ని ఇంట్లోకి రమ్మని అమ్మలు పిలుస్తారే, అట్లా," అని ఆ పిలుపును అలాగే అని చూపించింది. పాటలు నేర్పే మనిషి కదా, ఏ శబ్దం విన్నా రాగంతో సహా పట్టేస్తుంది. ముందు ఒక పేరు సాగదీసినట్టు, తర్వాత చిన్న చిన్న ముక్కలుగా, చివర కొంచెం పైకెత్తి. "బుద్దమీ... ఎందకుందావు... నీదకు రామీ."

నాకు మొదట ఏమీ అర్థం కాలేదు. షు మిన్‌కు మన "డ" పలకదు. రెండోసారి అనమన్నాను. అంది. అప్పుడు అర్థమైంది. ఎండకుండావు, నీడకు రామ్మీ. మొదటి మాట మాత్రం తెలియలేదు. మా ఆయన వైపు చూశాను. ఆయనకూ తెలియలేదు.

మా అత్త ఇటు తిరిగింది. ఆమె ముఖం అట్లా మారడం నేను ముందెన్నడూ చూడలేదు.

"బుడ్డమ్మీ అనింది," అంది. మాకు కాదు, తనకు తనే చెప్పుకున్నట్టు.

తర్వాత షు మిన్ దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుంది. "యాడమ్మీ? చూపించు," అంది. నేను మలయ్‌లో చెప్పబోయాను కానీ అవసరం లేకపోయింది. షు మిన్ ఆమెను నడిపించుకుంటూ పోయింది, మేం వెనకే వెళ్లాం.

అక్కడ ఎవరూ లేరు.

షు మిన్ చుట్టూ చూసింది. మొదటిసారి ఆమె గొంతులో తడబాటు వినిపించింది. "ఇక్కడే. ఈ గోడ పక్కన కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది." అది గోడ కూడా కాదు, మోకాలెత్తు రాళ్ల వరస. దాని వెనక మనిషి దాక్కునే చోటు లేదు. చేపలవాళ్ల గుడిసెల దాకా నేలంతా చదును. ఒక మనిషి లేచి నడిచి వెళ్లి ఉంటే మాకు కనబడి తీరాలి. అడుగుల గుర్తుల కోసం నేను వెతికాను. ఆ నేల గట్టిగా ఎండిపోయి ఉంది. షు మిన్ అడుగులు కూడా దాని మీద పడలేదు. కాబట్టి ఆ సాక్ష్యం అటూ లేదు, ఇటూ లేదు.

మా అత్త కింద చూస్తోంది. కాలి వేళ్లతో మట్టి గీకింది. తర్వాత వంగి చేత్తో గీకింది. ఒండ్రు కింద నుంచి నాపరాయి అంచు తేలింది. మా ఆయన కూడా కూర్చుని మట్టి తీశాడు. బండల మధ్య గుండ్రంగా ఒక గుంట కనబడింది. నేలలో పాతిన రోలు. నోరు అరిగి ఒక పక్కకు వాలి ఉంది.

"మా రోలే ఇది," అంది మా అత్త. తర్వాత లేచి, ఎదురుగా ఉన్న ఖాళీ మట్టి వైపు వేలు పెట్టి చూపించసాగింది. "ఇది పంచ. అది గడప. ఆ పక్క మా అబ్బ అంగడి." అంతసేపూ ఆమె మమ్మల్ని అవతలి దిక్కున నిలబెట్టి వెతికిందని గుర్తుంచుకోవాలి. తన ఇల్లు ఎటో ఆమెకే గుర్తు లేదు.

ఆమె ఆ రాళ్ల వరసకు ఆనుకుని కూర్చుంది. కొంగు తల మీదికి లాక్కుంది. ఎదురుగా ఎవరో ఉన్నట్టు, మామూలు గొంతుతో అంది.

"వస్తాండా అవ్వా. వస్తాండా."

మా ఆయన ఉలిక్కిపడి ఆమె భుజం పట్టుకున్నాడు. "ఎందుకు పలికితివి మా?"

నాకు అప్పుడు అర్థం కాలేదు. తర్వాత ఆయనే చెప్పాడు. మనిషి కనబడకుండా పిలుపు వినబడితే పలకకూడదని ఇక్కడి పెద్దలు చిన్నప్పటి నుంచి చెబుతారట. పలికితే, పోయినవాళ్ల వెంట పోవడానికి ఒప్పుకున్నట్టట.

మా అత్త కొడుకు చేతిని మెల్లగా తీసేసింది. "అవ్వ పిలిస్తే పలక్కుంటే ఎట్లరా," అంది.

మేం లేపే వరకు ఆమె అక్కడే కూర్చుంది. ఏడవలేదు. పొద్దు నెత్తి మీదికొచ్చింది. అంత ఎండలో ఆమె ముఖం మాత్రం నీడన చల్లగా కూర్చున్న మనిషి ముఖంలా ఉంది. ఇది నా ఊహ కావచ్చు.

తిరిగి వచ్చేటప్పుడు ఆమె వెనక సీట్లో నా పక్కన కూర్చుంది. నేను ఇంటికి కోడలిగా వచ్చాక ఆమె అంతగా మాట్లాడడం అదే మొదలు. తల్లి చిన్నప్పుడే పోతే అవ్వే పెంచిందట. ఎండకు తిరిగితే నల్లబడతావని, వడదెబ్బ తగులుతుందని ఆ అవ్వ పొద్దస్తమానం ఇంటి ముందరి పంచలో కూర్చుని పిలుస్తూనే ఉండేదట. బుడ్డమ్మి అని ఆమె ఒక్కతే పిలిచేది. ఊరు ఖాళీ చేయడానికి కొంచెం ముందు అవ్వ పోయింది. సామాన్లు బండ్లకెత్తి, తలుపులు, వాసాలు కూడా ఊడదీసుకుని అందరూ కదిలిపోయారు.

"అన్నీ తీసుకుంటిమి. అవ్వను ఈడనే వదిలిపెట్టి పోతాండామని ఏడ్చినా. సచ్చిపోవడమంటే ఏందో నాకు తెలిసేది కాదు," అంది. "నీళ్లొస్తే ఒక్కతే ఏం చేస్తాదో అనుకుంటి. శానా ఏండ్లు అనుకుంటి."

తర్వాత ఆమె షు మిన్‌ను ఒక్కొక్కటే అడిగింది. మధ్యలో నేను చెప్పాను. బక్కగా ఉందా? బక్కగానే ఉంది. జుట్టు? తెల్లగా, నున్నగా దువ్వి ఉంది. కోపంగా ఉందా? లేదు, విసుగ్గా ఉంది, పిల్లలు మాట వినకపోతే ఉండే విసుగు. అది విని మా అత్త కొంచెం నవ్వింది. ఏం కట్టుకుంది? ఎర్ర చీర, నీలం రవిక.

మా అత్త నవ్వు ఆగిపోయింది. "రవికా? మా అవ్వ రవిక తొడిగింది లేదే."

షు మిన్‌ను మళ్లీ అడిగాను. నీలం రవికేనని గట్టిగా చెప్పింది. ఈ ఒక్కటి కలవలేదు. కలవలేదన్నది కూడా దాచకుండా రాస్తున్నాను. ఇదంతా మా అత్త కోరికకు తగ్గట్టు షు మిన్ అల్లిందనుకుంటే, అల్లినవాళ్లు ఎదుటి మనిషి ముఖం చూసి మాట మార్చుకుంటారు. ఆమె మార్చుకోలేదు.

నేను ల్యాబులో పనిచేసిన దాన్ని. ఆ రోజు నుంచి దీన్ని అన్ని వైపుల నుంచీ తిప్పి చూశాను. చేపలవాళ్ల మనిషి కావచ్చనుకుని మా ఆయన మరునాడే అక్కడికి వెళ్లి అడిగి వచ్చాడు. ఆ గుడిసెల్లో ఉన్నవాళ్లంతా తూర్పు సముద్రం వైపు నుంచి వచ్చినవాళ్లు, అందరూ వయసులో ఉన్నవాళ్లే. వాళ్ల మాటలో "ఉండావు" అనే పలుకు లేదు. నోరాను అడిగాను. కారులో కూర్చుని ఆమె షు మిన్ వైపే చూస్తోంది. షు మిన్ ఒంటరిగా నిలబడి, ఎవరి మాటో వింటున్నట్టు తల వంచిందని, పక్కన ఎవరూ లేరని చెప్పింది.

ఎండకు కళ్లు తిరిగి షు మిన్ ఏదో ఊహించుకుందనుకుందాం. "రామ్మీ" అనే పిలుపు ఆమె మా ఇంట్లోనే వినే ఉంటుంది. మా అత్త నన్ను అలాగే పిలుస్తుంది. కానీ "బుడ్డమ్మి"? ఆ పేరు మా ఇంట్లో ఎవరి నోటా రాలేదు. కన్నకొడుకుకే తెలియదు. మా అత్త కూడా దాన్ని నోటితో పలికి ఎన్నేళ్లయిందో. ఇక ఆ రోలు. అంత ఒండ్రు మట్టిలో సరిగ్గా అక్కడే షు మిన్ ఎలా నిలబడింది? ఇక్కడికి వచ్చేసరికి నా లెక్క ఆగిపోతుంది.

స్నేహితురాళ్లు వెళ్లిపోయారు. నేను వాళ్లతో వెళ్లలేదు. ఆ రోజు మా అత్త పలికిన మాట మా ఆయనను లోపల తొలుస్తోందని నాకు తెలుసు. రోజూ పొద్దున ఆమె లేచే వేళకు ఏదో పని ఉన్నట్టు గది ముందు తిరిగేవాడు. నేనూ తిరిగేదాన్ని, నా పద్ధతిలో. బీపీ చూసేదాన్ని, రక్తపరీక్ష చేయించాను. అన్నీ బాగున్నాయి. ఆమె నిజానికి అంతకు ముందుకంటే తేలిగ్గా ఉంది. సాయంత్రాలు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మునిగిన వీధుల గురించి చెబుతుంది. మా అమ్మ ఊరు ఎట్లా ఉంటుందని అడుగుతుంది.

వానలొచ్చాయి, నీళ్లు నిండాయి. మళ్లీ ఎండాకాలం వచ్చి నీళ్లు తీశాయి. గుడి బయటపడిందని బజారులో అందరూ అనుకుంటున్నారు. మా ఆయన ఆ మాట ఇంట్లో ఎత్తలేదు. ఒక రోజు నేనే అడిగాను. "ఊరు చూసి వద్దామా అత్తా?"

ఆమె ఎండుమిరపకాయల తొడిమెలు తీస్తోంది. తల ఎత్తలేదు.

"పిలిస్తే పోదాంలేమ్మీ," అంది.

ఆ గొంతులో భయం లేదు, బాధ లేదు. పక్కింటి పేరంటానికి పోయే మాటలా ఉంది. నేను మాత్రం ఆ రోజంతా ఆమెను విడిచి కదల్లేదు.

ఆ రోజు షు మిన్ చూసింది ఎవరిని, విన్నది ఎవరి గొంతు, నాకు తెలియదు. తెలిసినట్టు నటించను. దయ్యాలున్నాయని ఇప్పటికీ నా నోటితో అనలేను. కానీ మా అత్త మిట్టమధ్యాహ్నం మిద్దె మీద వడియాలు పెడుతుంటే, కింద నుంచి కేకేసి నీడకు రమ్మనడం నా వల్ల కాదు. ఏం పనున్నా వదిలేసి మెట్లెక్కుతాను. ఆమె ముందుకు పోయి, ముఖం చూపించి, అప్పుడు చెయ్యి పట్టుకుని కిందికి తీసుకొస్తాను.